కొంగు కింది రెప్ప

మా క్రైస్తవ సంఘంలో స్త్రీలు కొంగు కప్పుకోకుండా ప్రార్థన చేయరు. మా అమ్మ అట్లాగే చేసింది, నేనూ అట్లాగే చేశాను. కొత్తగా సంఘంలోకి వచ్చిన ప్రతి స్త్రీకీ ఆ పద్ధతి నేర్పింది నేనే. కొంగు నుదుటి మీదికి ఎంతవరకు రావాలి, పాట మధ్యలో జారితే ఏ చేత్తో సర్దుకోవాలి, ఇవన్నీ చెప్పేదాన్ని. ముప్పై ఏళ్లు బడిలో పంతులమ్మను, ఆ తర్వాత పన్నెండేళ్లు స్త్రీల సమాజానికి పెద్దను. చెప్పడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్ల ఒక మనిషి కన్ను పోయింది. ఈ మాటను ఇంకో రకంగా రాయడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

ఆమె మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి పోయేది. ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపలి వాడలో ఇల్లు. భర్త లారీలకు బస్తాలు ఎక్కించే హమాలీ, పోయి చాలా కాలమైంది. ఒక్కతే బిడ్డ, పెళ్లయి పక్క గల్లీలోనే ఉంటుంది. ఆమె మా సంఘంలోకి వచ్చేనాటికే యాభై దగ్గర పడింది. అక్షరాలు రావు. పాటలన్నీ విని నేర్చుకుంది. నేను బైబిల్లోంచి వాక్యం చదువుతుంటే పెదవులు కదుపుతూ నా వెనకే మెల్లగా చెప్పుకునేది. చదివింది ఆపి నా సొంత మాటలు మొదలుపెట్టినా ఆ పెదవులు ఆగేవి కావు. ఏది వాక్యమో, ఏది నేను అన్నదో ఆమెకు తేడా తెలియదు. అది చూసి నేను ముచ్చట పడేదాన్ని. భయపడాల్సింది.

నన్ను అక్కా అనేది. నేను ఆమెను చెల్లె అనేదాన్ని.

మొదట ఆమె ఎడమ కంటి పైరెప్ప మీద మెంతిగింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు. ఆ కన్ను మాత్రం ఎప్పుడూ కొంచెం ఎర్రగా ఉండేది. రోజంతా మిర్చి రాశుల మధ్య కూర్చునే మనిషికి కన్ను ఎర్రబడితే ఎవరికీ వింత కాదు. మందుల షాపులో చుక్కల మందు తెచ్చుకుని వేసుకుంది. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అందరం చాపల మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నప్పుడు ఆమె బిడ్డ నన్ను అడిగింది.

"పెద్దమ్మా, మిర్చి ఘాటు రెండు కండ్లకు తగులుతది గదా. అమ్మకు ఒక్క కన్నే ఎందుకు ఎర్రగుంటాంది?"

"మీ అమ్మ ఎప్పుడు గాలికి ఎడమ చెంపే పెట్టి కూసుంటదేమో," అన్నాను నేను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వనిది బిడ్డ ఒక్కతే. ఆ అమ్మాయి పదో తరగతి దాటలేదు. ఆ రోజు అక్కడున్న అందరిలో బుద్ధి పెట్టి ఆలోచించింది మాత్రం ఆ అమ్మాయే. ఘాటు రెండు కళ్లకూ తగులుతుంది. ఒకే కన్ను నెలల తరబడి ఎర్రగా ఉందంటే దానికి ఇంకేదో కారణం ఉండాలి. నాకు ఆ ప్రశ్నలోని సంగతి అర్థం కాక కాదు. నవ్వు వచ్చే జవాబు ముందు దొరికింది.

గడ్డ పెరుగుతుంటే నేనే ఆమెను హనుమకొండలో ఒక కంటి డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాను. ఇది నా మంచితనానికి సాక్ష్యంగా రాయడం లేదు. డాక్టరు చెప్పింది నా చెవులతో నేనే విన్నానని చెప్పడానికి రాస్తున్నాను. రెప్పలో సన్నటి నూనె గ్రంథులు ఉంటాయని, అందులో ఒకటి మూసుకుపోతే ఇట్లా గడ్డ కడుతుందని ఆయన చెప్పాడు. రెప్ప తిప్పి లోపలి వైపు చిన్న గాటు పెట్టి గీకేశాడు. కట్టు కట్టాక నా వైపు తిరిగి అన్నాడు.

"మామూలుగా ఇంతటితో పోతుందమ్మా. ఒకవేళ మళ్లీ అదే చోట వస్తే మాత్రం చుక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. వెంటనే రావాలి. ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ వయసులో అది ముఖ్యం."

సరే అన్నాను. ఆయన ఆ మాట ఆమెతో కాక నాతో ఎందుకు అన్నాడంటే, నేను చదువుకున్న మనిషిలా కనిపించాను కనుక.

ఆ దవాఖానకు పోయే ముందూ, పోయి వచ్చాకా ఆమె నుదుటి మీద ఒలీవ నూనె రాసి ప్రార్థన చేశాను. రోగికి నూనె రాసి ప్రార్థించమని వాక్యంలో ఉంది. ఇప్పటికీ నమ్ముతాను, ఇప్పటికీ చేస్తాను. తప్పు నూనెలో లేదు. రెండు వారాల్లో రెప్ప చదునైంది. దేవుడు నయం చేశాడని ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నాను. శనివారం సాయంత్రం మా ఇంటికి పిలిపించి, ఎట్లా చెప్తుందో ఒకసారి చెప్పి చూపించమన్నాను.

ఆమె మా వంటింటి గడప దగ్గర నిలబడి కొంగు కప్పుకుని చెప్పింది. "అందరికి వందనాలు. నా కంటి మీద గడ్డయింది. అక్క నూనె రాసి ప్రార్థన చేసింది. హనుమకొండల డాక్టరు కోసి గీకిండు. మళ్లొస్తే బిరాన రమ్మన్నడు. ఇప్పుడు మంచిగున్న. దేవునికి స్తోత్రం."

"డాక్టరు సంగతి అంత ఎందుకే?" అన్నాను. "సాక్ష్యం ప్రభువు గురించి చెప్పాలె. దవాఖాన గురించి కాదు."

"మరి కోసింది నిజమే గదా అక్కా?"

"నిజమే. ఆ డాక్టరుకు చెయ్యి ఇచ్చిందెవరు? ఆయనే గదా. అంత పొడుగు చెప్తే వినేటోళ్లు అసలుది మర్సిపోతరు."

ఆమె తలూపింది. బడిలో పిల్లల వ్యాసాల్లో అక్కర్లేని వాక్యాన్ని ఎర్ర గీత పెట్టి కొట్టేసినట్టే నేను ఆ రెండు వాక్యాలూ తీసేశాను. డాక్టరు కోసిన సంగతి పోయింది. దానితోపాటే, మళ్లీ వస్తే రమ్మన్న మాటా పోయింది. మరునాడు ఆమె నేను దిద్దినట్టే చెప్పింది. మందిరమంతా స్తోత్రం అంది. నేను ఫోనులో రికార్డు చేసి స్త్రీల గ్రూపులో పెట్టాను. వేరే సంఘాల వాళ్లు కూడా విని నాకు ఫోన్లు చేశారు. నాకే చేశారు, ఆమెకు కాదు.

మూడు నాలుగు నెలల తర్వాత ములుగు అవతల అడవి పల్లెలో స్త్రీల కూడికకు వాక్యం చెప్పడానికి నన్ను పిలిచారు. ఆ సాక్ష్యం కలిగిన చెల్లెను కూడా తీసుకురమ్మన్నారు. యార్డులో పని మానుకుని వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పొద్దున్నే ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది. గాలికి కొంగు భుజం మీదికి జారింది. అప్పుడు చూశాను.

గడ్డ మళ్లీ వచ్చింది. అదే చోట. ఈసారి గింజలా లేదు. రెప్ప అంచు పొడుగునా మందంగా, కొంచెం పసుపురంగు తిరిగి ఉంది. అక్కడ చిటికెనవేలి గోరంత మేర రెప్పవెంట్రుకలు లేవు. రెండు పక్కలా ఉన్నాయి, మధ్యలో నున్నగా ఉంది.

"రెప్పవెంట్రుకలు ఏమైనయే?"

"రాలినయక్కా. ముసలిదాన్ని అయితాన్న గదా."

"ఎప్పటిసంది?"

"రెండు నెలలైతుండొచ్చు."

"నొప్పా?"

"నొప్పేం లేదు. నువ్వు ఫికర్ చేయకు." ఆమె కొంగు తలమీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. అటు తిరిగే అంది, "నాకే సిగ్గయితాందక్కా. అందరి ముందర పోయిందని చెప్తి. మళ్ల వచ్చిందంటే దేవుడు సగమే చేసిండంటరు. లేకుంటే నేనే ఏదో పాపం చేసిన్నంటరు."

ఆ క్షణంలో నేను చెప్పాల్సిన మాట ఒకటే. ముందు వచ్చే స్టేజీలో దిగి, ఎదురు బస్సెక్కి హనుమకొండ పోదాం అనాలి. ఆ మాట నా నోటి దాకా వచ్చిందని రాసుకుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. రాలేదు. నాకు వచ్చిన ఆలోచనలు వేరే. పల్లెలో జనం ఎదురుచూస్తున్నారు. నొప్పి లేదంటోంది కదా, నొప్పి లేనిది పెద్ద జబ్బు ఎట్లా అవుతుంది. ఈ కూడిక అయిపోనీ.

బస్సు దిగాక ఊరివాళ్లు జీపులో తీసుకెళ్లారు. మందిరం గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే నేను ఆమె చెవి దగ్గర అన్నాను.

"చెల్లె, కొంగు జర ముందుకు జరుపుకో."

జరుపుకుంది. ఎడమ కన్ను కొంగు నీడలోకి పోయింది. ఆ అంచును చేత్తో పట్టుకునే సాక్ష్యమంతా చెప్పింది. నేను దిద్దిన మాటలే, ఒక్కటి కూడా తప్పకుండా. అడవిలో ఇప్పపువ్వు ఏరుకొచ్చే స్త్రీలు కన్నీళ్లు పెట్టుకుని స్తోత్రం అన్నారు. తర్వాత నేను లేచి విశ్వాసం గురించి గంటసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు. కొంగు అంచు పట్టుకున్న ఆ చెయ్యి మాత్రం గుర్తుంది. మిర్చి తొడిమలు తీసీ తీసీ వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆమె కొంగు ఎప్పుడూ ఎడమ వైపు ముందుకే ఉండేది. నేను కుడి వైపు కూర్చునేదాన్ని. అట్లా కూర్చోవాలని అనుకుని కూర్చున్నానా అని ఎవరైనా అడిగితే కాదని చెప్పలేను. ఆరునెలల పైనే గడిచింది. ఆమె అడగలేదు, నేను అనలేదు. డాక్టరు మాట నాకు గుర్తు వచ్చేది. వచ్చినప్పుడల్లా ప్రార్థన చేసేదాన్ని. ప్రార్థన చేశాను కాబట్టి ఏదో చేసినట్టే అనిపించేది. దేవుడిని అడ్డం పెట్టుకుని పని తప్పించుకోవడం అంటే ఏమిటో అరవై ఏళ్లు మందిరంలో పెరిగి అప్పుడు నేర్చుకున్నాను.

మా మందిరం హాలులో చదువు కళ్లజోళ్ల కోసం కంటి పరీక్షలు పెట్టించింది కూడా నేనే. వయసుమళ్లినవాళ్లు వాక్యం చదవలేకపోతున్నారని. హనుమకొండ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కళ్లు పరీక్షించే చదువు చదువుకున్నది. ఆ అమ్మాయి పక్కన బల్ల దగ్గర కూర్చుని నేను పేర్లు రాస్తున్నాను. మధ్యాహ్నానికి బిడ్డ తల్లిని చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"నాకెందుకే కళ్లజోడు, సదువా సాత్రమా?" అంటూనే ఆమె కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ, కొంగు తీయండి," అంది ఆ అమ్మాయి.

ఆమె తీయలేదు. ఆ అమ్మాయే నెమ్మదిగా వెనక్కి జరిపింది. చేతిలో ఉన్న టార్చి వేసి చూసి, రెప్ప తిప్పింది. చాలాసేపు చూసింది. అంతవరకూ అందరితో గలగలా మాట్లాడిన పిల్ల గొంతు తగ్గించింది.

"ఇది మొదటిసారి రావడమేనా ఆంటీ?"

 ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆ చూపులో ఫిర్యాదు లేదు, కోపం లేదు. ఏం చెప్పమంటావు అని అడుగుతోంది, వంటింటి గడప దగ్గర నిలబడి అడిగినట్టే. నేను పేర్ల కాగితం మీదికి తల వంచాను.

"మొదటిసారే బిడ్డా," అంది ఆమె.

నా కోసం అబద్ధం చెప్పింది. నేను చెప్పించాను.

ప్రభువు ఒక గుడ్డివాడి కళ్ల మీద చెయ్యి వేసి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగిన సంగతి నేను ఆదివారం బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మనుషులు చెట్లలా కనిపిస్తున్నారని, నడుస్తున్నట్టున్నారని ఆ మనిషి అన్నాడు. అంటే సరిగా కనిపించడం లేదని దాచకుండా చెప్పాడు. అప్పుడు ఆయన రెండోసారి చెయ్యి వేశాడు. అద్భుతం చేసినవాడే ఎట్లా ఉందని అడిగాడు, సగమే నయమైందని చెబితే నొచ్చుకోలేదు. పిల్లలకు ఈ కథ చెప్పి, గుడ్డివాడిగా ఒకరిని నటించమని నవ్వించేదాన్ని. ఆ మనిషి మా సంఘంలో ఉండి ఉంటే, చెట్ల సంగతి తీసేసి చెప్పమని నేనే దిద్ది ఉండేదాన్ని.

ఆ అమ్మాయి టార్చి ఆర్పలేదు. "ఇక్కడ వెంట్రుకలు రాలిపోయినయ్ ఆంటీ. ఒక్కసారి మంచిగ యాదికి తెచ్చుకోండి. నిజంగా ఇదే మొదటిసారా?"

రెండోసారి అడిగింది. నేను పెన్ను కింద పెట్టాను.

"కాదమ్మా," అన్నాను. "పోయినేడు ఒకసారి కోసిండ్రు. అదే చోట. మళ్లొస్తే పరీక్షకు పంపాలె, రండి అన్నరు. నాకు తెలుసు. వచ్చి తొమ్మిది పది నెలలైతాంది. అది కూడ నాకు తెలుసు."

బిడ్డ నా వైపు చూసింది. తల్లి తల వంచుకుని కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

ఆ అమ్మాయి చీటీ రాస్తూ మా అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. మామూలు కంటి కురుపు నొప్పి పెడుతుంది, పండుతుంది, పోతుంది. వయసు పైబడినవాళ్లకు నొప్పి లేని గడ్డ వచ్చి, తీసేసినా మళ్లీ అదే చోట వస్తే, అక్కడ రెప్పవెంట్రుకలు రాలిపోతే, రెప్ప మందమై పసుపురంగు తిరిగితే, ఒక్క కన్నే మందులకు తగ్గకుండా ఎర్రగా ఉంటే దాన్ని కురుపు అనుకోకూడదు. పరీక్షలో తేలేవరకూ వేరే పేరుతో అనుమానించాలి. ఆ పేరు ఆ అమ్మాయి మాకు చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసింది. అవన్నీ నేను బస్సులో కిటికీ వెలుగులో ఒక్కొక్కటిగా చూసినవే.

ఆ రోజే హనుమకొండ పోయాం. ముక్క తీసి పంపారు. రెప్పలోని నూనె గ్రంథిలో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడ పెద్ద డాక్టరమ్మ స్కానింగులు చూసి, రెప్ప దాటి కంటి వెనకకు పాకిందని, ప్రాణం కోసం కన్నుతో సహా తీసేయక తప్పదని చెప్పింది.

బిడ్డ అడిగింది, "మేడం, మళ్ల వచ్చిందని ఎరికైనప్పుడే తెస్తే?"

"ఖచ్చితంగా చెప్పలేనమ్మా. కాని రెప్పలో ఒక ముక్క తీసేస్తే పోయి ఉండే అవకాశం చాలా ఉండేది."

బయట వరండాలో ఆ పిల్ల ఏడవలేదు. నన్ను తిట్టలేదు. "పెద్దమ్మా, నువ్వు సూసినవ్ గదా," అని మాత్రం అంది. 

ఆపరేషన్ తర్వాత నెల రోజులకు మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి, ఆదివారం సంఘం ముందు మాట్లాడతానని అడిగాను. ఆయన మంచి మనిషి. "కొత్త విశ్వాసులు కలవరపడ్తరేమో అమ్మా, ప్రార్థనలో పెడదాం," అన్నాడు. ప్రార్థనలో పెట్టే ఇంత దూరం తెచ్చానని చెప్పాను. ఇక ఆయన ఆపలేదు. ముందు ఆమె ఇంటికి పోయి ఒప్పుకుంటావా అని అడిగాను. మంచం మీద కట్టుతో కూర్చుని ఉంది.

"చెప్పుకో అక్కా. నన్ను అబద్ధాలదాన్ని మాత్రం చెయ్యకు."

"నిన్ను కాదు చెల్లె. నన్ను."

ఆదివారం లేచి నిలబడి అన్నీ చెప్పాను. దిద్దిన సాక్ష్యం, బస్సు, కొంగు. మా మందిరంలో ఎవరు ఏం చెప్పినా చివర అందరూ స్తోత్రం అంటారు. ఆ రోజు ఎవరూ అనలేదు. చివరి వరసలో ఒక ముసలామె మాత్రం గట్టిగానే అంది, "ఇప్పుడు చెప్తే ఏమొస్తది పంతులమ్మా. అప్పుడు చెప్తే కన్ను దక్కేది." ఎవరూ ఆమెను వారించలేదు. నేను కూర్చున్నాను. సమాజం పెద్దగా ఉండటం ఆ రోజుతో మానుకున్నాను. అది శిక్ష అనుకోలేదు. చెప్పే చోటు నుంచి దిగి వినే చోట కూర్చోవడం, అంతే.

ఇప్పుడు ఆమె మళ్లీ మందిరానికి వస్తోంది, నల్లద్దాలు పెట్టుకుని. యార్డుకు పోవడం లేదు. మొదటి ఆదివారం నా పక్కనే వచ్చి కూర్చుంది. ఎడమ పక్క నేను. ప్రార్థన మొదలయ్యేముందు కొంగు తలమీదికి తీసుకుని నా వైపు వంగింది.

"అక్కా, ఇప్పుడు ఎటు దిక్కు జరుపుకోవాలె చెప్పు."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ముఖం కాలిపోయింది. ఆ మాట ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు అంటుంది. అనే హక్కు ఆమెకుంది. అన్నప్పుడల్లా నేను పడతాను.

ఆ జబ్బు చెవి ముందరి గ్రంథుల్లోకి, దవడ కిందికి దిగుతుందేమో అప్పుడప్పుడు తడిమి చూసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆమెకు తన చేతుల మీద నమ్మకం లేదు. మిర్చి పనికి వేళ్లు మొద్దుబారాయంటుంది. నెలకోసారి శుక్రవారం ప్రార్థన అయ్యాక నా ముందు చాప మీద కూర్చుని కొంగు పూర్తిగా తీసేస్తుంది. ఒకప్పుడు నూనె రాసిన ఈ వేళ్లతోనే ఎడమ చెవి ముందు, దవడ కింద, మెడ పొడుగునా మెల్లగా నొక్కి చూస్తాను. రెండుసార్లు చూస్తాను.

"ఏమన్నున్నదా?" అని అడుగుతుంది.

"ఏం లేదు."

ఆమె కదలదు. ఉన్న ఒక్క కన్నుతో నా ముఖంలోకి చూస్తుంది.

"నిజం చెప్పు."

"నిజంగనే ఏం లేదు చెల్లె."

అప్పుడు కొంగు సర్దుకుంటుంది. ప్రతి నెలా ఇట్లాగే రెండోసారి అడుగుతుంది. ఒక్కసారికే నమ్మే రోజు వస్తుందేమో నాకు తెలియదు. రావాలని అడగడానికి నాకు నోరు రాదు.